ఉడికించిన ఉండ ఎర గురించి మేనల్లుడికి

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులో బార్బెల్ చేపలు పట్టేవాళ్ళ వీడియోలు చూసి బోయిలీల (అంటే గుడ్డు కలిపి ఉడికించిన ఉండ ఎరల) డబ్బా తెప్పించావనీ, ఇబ్రహీంపట్నం దగ్గర మూడు ఆదివారాలు కూర్చున్నా ఒక్క చేపా కొట్టలేదనీ రాశావు. నువ్వు పంపిన ఫోటోలోనే సగం సంగతి తెలిసిపోయింది. 20 మిల్లీమీటర్ల ఉండలు, ఎండి గోళీల్లా ఉన్నాయి, పైగా పళ్ళ ఎసెన్స్ సరుకు. ఆ డబ్బా పక్కన పెట్టు. ఇంట్లోనే చేసుకోవచ్చు, దానికి కావలసినవన్నీ బెజవాడ వన్‌టౌన్‌లో ఒక్క పూటలో దొరుకుతాయి.

ముందు ఏ చేప కోసమో తేల్చుకో. బార్బెల్ నోరు కిందికి తిరిగి ఉంటుంది, రెండు జతల మీసాలుంటాయి, పారే నీళ్ళలో నేల తడుముతూ తింటుంది. మన కృష్ణలో అలా అడుగున తినేవి ఎర్రమోసు, బంగారుతీగ. శీలావతి నడిమి నీళ్ళలో తిరిగినా, అడుగున మేత అలవాటైతే దిగుతుంది. బొచ్చె మాత్రం పైనీళ్ళ చేప, దాని నోరే పైకి తెరుచుకుంటుంది. బొచ్చె కోసం అడుగున ఉండ వేసి కూర్చుంటే తెల్లారిపోతుంది. దానికి బెండు కట్టి తవుడు ముద్ద వెయ్యాల్సిందే.

ఉడికించడం ఎందుకో అర్థమైతే మిగతాదంతా నీకే తోస్తుంది. పచ్చి పిండి ముద్దని పరిగెలూ, తిలాపియా పిల్లలూ పది నిమిషాల్లో పొడిచి ఊడ్చేస్తాయి. పెద్ద చేప వచ్చేసరికి గాలానికి ఏమీ ఉండదు. గుడ్డు కలిపి ఉడికిస్తే పైన తోలు కడుతుంది, చిన్న నోళ్ళకి లొంగదు. 1970 ప్రాంతాల్లో ఫ్రెడ్ విల్టన్ వంటివాళ్ళు ఇంగ్లండులో కార్ప్ చేపల కోసం ఈ పద్ధతి పెంచారు, బార్బెల్ పట్టేవాళ్ళు తర్వాత అందుకున్నారు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. తోలు మందమైతే చిన్న చేపల బాధ తప్పుతుంది కానీ లోపలి వాసన బయటికి రాదు. పల్చగా ఉంటే వాసన వస్తుంది, ఉండ నిలవదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

కొలత అరకిలోకి చెప్తున్నాను. సన్న బొంబాయి రవ్వ 150 గ్రాములు, వేయించి పట్టించిన సోయాపిండి 100, ఎండు రొయ్యపొట్టు మెత్తగా పొడి కొట్టింది 100, వేరుశనగ చెక్క పొడి 100, శనగపిండి 50. ఇందులో చెంచాడు ఉప్పు, చెంచాడు వేయించిన మెంతిపిండి, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద, 25 గ్రాముల బెల్లం తురుము. గుంటూరు కారం రంగుకీ ఘాటుకీ ఒక చెంచా చాలు. అక్కడి బార్బెల్ వాళ్ళు కూడా మసాలా దట్టించిన ఎరలంటే ఇష్టపడతారు, మనకి కొత్తేమీ కాదు. రొయ్యపొట్టు మచిలీపట్నం నుంచో నిజాంపట్నం నుంచో వచ్చిన తాజా సరుకై ఉండాలి. ముక్కిన వాసన వస్తే వదిలెయ్. వేరుశనగ చెక్క మాత్రం మానకు. మన చెరువుల్లో చేపలకి పెట్టే మేత తవుడూ చెక్కా, ఆ వాసన మన చేపకి తెలిసిందే. ఎసెన్స్ వెయ్యాలని మనసు లాగితే అరచెంచా దాటకు, ఎక్కువైతే చేదెక్కుతుంది.

గుడ్లు 5. ముందు గుడ్లూ బెల్లమూ వెల్లుల్లీ గిలక్కొట్టి, అందులో పొడి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. పొడిలో గుడ్లు కొడితే ఎంత పట్టిందో తెలియదు. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా వచ్చాక తడిగుడ్డ కప్పి పావుగంట వదిలెయ్, రవ్వ తడి పీల్చుకుంటుంది. ఈ పావుగంట ఆగనివాళ్ళే పిండి అంటుకుంటోందని ఇంకా పొడి పోసి, చివరికి ఉండలు పగులుతున్నాయని మొత్తుకుంటారు. పగుళ్ళు కనబడితే ఇంకో అర గుడ్డు కొట్టి పోసుకో, నీళ్ళు మాత్రం పొయ్యకు.

వేలి లావున తాడులా సాగదీసి, 15 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, వినాయకచవితి ఉండ్రాళ్ళలా అరచేతుల మధ్య తిప్పు. 300 పైచిలుకు వస్తాయి. గుప్పెడు పిండి మాత్రం ఉడికించకుండా పక్కన ఉంచు, దాని పని తర్వాత చెప్తాను. నీళ్ళు బాగా మరిగాక జల్లిగరిటెలో 20 ఉండలు మించకుండా దింపు. ఎక్కువ వేస్తే మరుగు ఆగిపోతుంది, ఉండలు నాని జిగురు కడతాయి. ఒకటిన్నర నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టుకో, కంటి అంచనా వద్దు. నాలుగు నిమిషాలు ఉడికిన ఉండ రబ్బరు బంతిలా ఎగురుతుంది. దాన్ని రాత్రంతా నీళ్ళలో ఉంచినా చేప తిరిగి చూడదు. తీసినవి పాత పంచె మీద ఒకదానికొకటి తగలకుండా నీడలో, ఫ్యాను గాలికి ఒక రాత్రి ఆరబెట్టు. ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, రెండో రోజుకి బూజు వస్తుంది. మన బెజవాడ ఉక్కలో బయట ఒక రోజుకి మించి ఉంచకు. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో నెలలు ఉంటాయి. పూటకి సరిపడా చిన్న కవర్లలో కట్టిపెట్టుకో.

ఏటికి వెళ్ళే ముందు ఒక ఉండని గ్లాసుడు నీళ్ళలో వెయ్. ముందు, మునుగుతుందో లేదో చూడు. గంటకి నీళ్ళ పైన పల్చని నూనె తెర, అడుగున కాస్త మడ్డి కనిపించాలి. నాలుగు గంటలకి తీసి వేలితో నొక్కితే పై పొర మెత్తబడి, మధ్యలో గట్టిగా తగలాలి. నీళ్ళు తేటగా ఉంటే ఎక్కువ ఉడికింది. చిదిమితే పిండైపోతే తక్కువ ఉడికింది, లేదా గుడ్డు చాల్లేదు. ఇంగ్లండు చలికాలపు నీళ్ళలో నూనె బిగుసుకుపోయి వాసన కదలదు కాబట్టి అక్కడివాళ్ళు వేసవికో రకం, చలికో రకం చేసుకుంటారు. మన నీళ్ళు వెచ్చన, వాసన తొందరగా దిగుతుంది, ఎర తొందరగా పులుస్తుంది కూడా. గాలానికున్న ఉండని రెండు గంటలకోసారి మార్చు.

ఉండని గాలానికి గుచ్చకు. గుచ్చితే మొన ఉండలోనే కూరుకుపోతుంది. వెంట్రుక కట్టు వెయ్, అంటే ఉండ గాలానికి బయట చిన్న దారానికి వేలాడే కట్టు. 1980 ప్రాంతాల్లో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు ఇంగ్లండు వాళ్ళు తేల్చిన పద్ధతి ఇది. మొదట నిజంగానే తల వెంట్రుకతో కట్టి చూశారు, పేరు అలా వచ్చింది. 60 సెంటీమీటర్ల మెత్తని దారం తీసుకుని ఒక కొసకి చిన్న ఉచ్చు వెయ్. 8వ నెంబరు గాలం తీసుకుని, మొనకి అవతలి వైపు నుంచి గాలం కంట్లోకి (కాడ చివరున్న కన్నంలోకి) రెండో కొస దూర్చు. ఉచ్చులో ఉండ పట్టాక గాలం వంపుకీ ఉండకీ మధ్య అర సెంటీమీటరు ఖాళీ మిగిలేలా సరిచెయ్. పొడుగు దారాన్ని కాడ చుట్టూ 7 చుట్లు బిగుతుగా చుట్టి, మళ్ళీ అదే అవతలి వైపు నుంచి కంట్లోకి దూర్చి, ఉమ్మితో తడిపి లాగు. ఉండ దూర్చడానికి పూలు గుచ్చే సూది చాలు, ఉచ్చు జారకుండా చీపురుపుల్ల ముక్క అడ్డం పెట్టు. చేప ఉండని పీల్చినప్పుడు గాలం వెంట వెళ్తుంది, వద్దని ఊసినప్పుడు ఖాళీ మొన పెదవిలో దిగుతుంది. ఖాళీ లేకుండా కట్టినవాళ్ళకి లాగుడు తెలుస్తుంది, చేప మాత్రం చిక్కదు.

సీసం 60 నుంచి 90 గ్రాములు, తంగూసు మీద జారేలా ఉండాలి, ముడివేసి బిగించొద్దు. తంగూసు తెగితే సీసం జారిపోయి చేప బతుకుతుంది. తంగూసు 0.35 మిల్లీమీటర్లు. రాడ్ ఆనించి కూర్చునేటప్పుడు రీలు డ్రాగ్ (తంగూసుని పట్టి ఉంచే బిగింపు) వదులు చెయ్యి. పారే నీళ్ళలో పెద్ద చేప కొట్టిందంటే రాడ్‌ని ఏట్లోకి ఈడ్చేస్తుంది.

ఇప్పుడు ఆ పక్కన పెట్టిన పచ్చి పిండి. గాలానికున్న ఉండ చుట్టూ దాన్ని పల్చగా, పూర్ణం చుట్టూ తోపుపిండి పట్టించినట్టు అద్దు. పచ్చి పూత పావుగంటలో కరిగి వాసన ధార పారిస్తుంది, చిన్న చేపలు దాని కోసం మూగుతాయి. వాటి అలికిడికి పెద్దది వచ్చేసరికి లోపలి ఉండ చెక్కుచెదరదు. తోలు మందమా, వాసనా అన్న చిక్కుకి ఇంతకంటే మంచి విరుగుడు లేదు. ఉండ ఎర వేసే ప్రతిసారీ ఈ పని చెయ్.

మేత విసరడంలో నువ్వు చేసిన పొరపాటు ఎక్కువ వెయ్యడం. కిలో మేత పోస్తే నీ ఒక్క ఉండ వంతు ఎప్పటికొస్తుంది? పది ఉండలు సగానికి విరిచి, మునిగే రకం మేత గుళికలు గుప్పెడు కలిపి, తవుడూ బంకమట్టీ పట్టించి నారింజ కాయంత ముద్దలు మూడు చెయ్. తేలే గుళికలు కొనుక్కోకు, మేత దిగువకి కొట్టుకుపోతుంది, చేపలూ దాని వెంటే పోతాయి. ముద్దల్ని ఎర పడే చోటుకి కాస్త ఎగువన వెయ్, పారుదలకి దిగుతూ అక్కడికే చేరతాయి. ఆ తర్వాత గంట దాకా చెయ్యి కట్టుకుని కూర్చో.

ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్ళు నిలకడగా ఉంటాయి, ఈ పద్ధతికి అక్కడ పారుదల చాలదు. పవిత్ర సంగమం వైపు పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు వచ్చే రోజులు, ఏలూరు కాలువ, బందరు కాలువ పారే నెలలు మంచివి. కాలువ వంపులో లోపలి వైపు, వడి తగ్గి మెత్తగా తిరిగే అంచు పట్టుకో. పొద్దుగూకే ముందు గంట, తెల్లారుజాము. స్నానఘట్టాల దగ్గర వెయ్యకు. వలలున్న చోట అక్కడి మత్స్యకారుల్ని అడిగి, వాళ్ళ తాళ్ళకి దూరంగా కూర్చో. బ్యారేజీ గేట్ల కింద ఎప్పుడూ వద్దు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. అంత వరద లేకపోయినా గేట్లు లేపితే రాళ్ళ మీదున్నవాడికి పరిగెత్తే వ్యవధి ఉండదు.

ఇంగ్లండులో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో బార్బెల్ వంటి చేపలకి గాలం వెయ్యనివ్వరు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మన శీలావతి, మోసు కొత్తనీటికి గుడ్లు పెడతాయి. తొలకరి వరదల్లో పొట్ట నిండుగా ఉన్నది పడితే వదిలెయ్ నాన్నా. పొడి చేత్తో పట్టుకుంటే పైన జిగురు పోయి పుండ్లు పడతాయి. చేతులు తడుపుకుని, తడి గోనె మీద పడుకోబెట్టి గాలం తియ్. నీళ్ళలో తల ఎగువకి పెట్టి, పొట్ట కిందికి ఉండేలా పట్టుకో. మొప్పలు నెమ్మదిగా ఆడి, తోక నీ చేతిని తన్నేదాకా వదలకు. వడి నీళ్ళలో పోరాడి అలిసిన చేపని అలా విసిరేస్తే వెల్లకిలా తేలిపోతుంది.

మొదటిసారి సగం కొలతే చెయ్యి. ఒక వాయి ఒకటిన్నర నిమిషం, ఒక వాయి రెండు నిమిషాలు ఉడికించి, రెంటినీ వేర్వేరు గ్లాసుల్లో వేసి నాలుగు గంటల తర్వాత ఫోటోలు పంపు. ఏది పట్టుకెళ్ళాలో చూసి చెప్తాను.

ఇట్లు
మామయ్య