సందేహాలు – సమాధానాలు: కన్నకూతురిని ‘అమ్మా’ అనవచ్చునా?

సందేహం: మా అమ్మాయి ఈ ఏడు యు.కె.జి. పూర్తి చేసింది. ఎల్.కె.జి.లో చేర్చిన రోజున నా చొక్కా అంచు పట్టుకుని వదలని పిల్ల, ఇప్పుడు సంచీ తానే తగిలించుకుని, నేను చెయ్యి అందించేలోపునే ఆటో ఎక్కేస్తోంది. సంతోషంగానూ ఉంటుంది, లోపల ఎక్కడో కలుక్కుమనీ అంటుంది. ఆ క్షణంలో నా నోట దాని పేరు రాదు, ‘వెళ్ళిరా అమ్మా’ అనే వస్తుంది. పిల్లలను అమ్మా, నాన్నా అని పిలిస్తే వరుసలు తెలియక తికమకపడతారనీ, పేరుతోనే పిలవాలనీ బడిలో మిస్ చెప్పారు. ఈ వాడుకకు ప్రమాణం ఉందా? – ఒక తండ్రి, రాజోలు

సమాధానం: ఉంది. పోతనగారి కంటె పెద్ద ప్రమాణం కోసం నేను వెదకను. భాగవతం సప్తమస్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకును బడికి పంపబోతూ చెప్పిన పద్యం తెలుగునాట చాలామందికి నోటికి వచ్చినదే:

చదువనివాఁ డజ్ఞుం డగు
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

మొదటి మూడు పాదాలూ ఎవరు ఎవరికైనా చెప్పదగిన నీతి. నాలుగో పాదం చివర ‘తండ్రీ’ అన్న పిలుపు పడేసరికి ఆ నీతి చెబుతున్నవాడు రాక్షసరాజు కాడు, పిల్లవాడిని బడికి పంపుతున్న మామూలు తండ్రి అయిపోయాడు. కందపద్యం చివర గురువు, అంటే దీర్ఘం వంటి రెండు మాత్రల అక్షరం, కావాలి కనుక పోతన ఆ మాట వేసుకున్నాడని ఎవరైనా అనవచ్చు. గురువుతో ముగిసే మాటలకు పోతన దగ్గర కరువా? ఆ చోట ఆ మాటే పడాలి కనుక వేశాడని నా నమ్మకం.

పిల్లవాడు చదువుకుని తిరిగివచ్చాక తండ్రి అడిగిన తీరు ఇంకా బాగుంటుంది. ‘చోద్యం బయ్యెడి నింతకాల మరిగెన్’ అంటాడు. ఇంతకాలం గడిచిపోయిందా అని ఆశ్చర్యం! మీరు ఉత్తరంలో రాసుకున్నది అదే కదా. ఆపైన ‘పద్యం బొక్కటి సెప్పి సార్థముగఁ దాత్పర్యంబు భాషింపుమా’ అని అడుగుతాడు. సాయంత్రం ఆటో దిగిన పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మిస్ ఏం నేర్పిందో ఒక రైమ్ చెప్పమని ఇవాళ్టి నాన్నలు అడగడం ఇందుకు భిన్నం కాదు. దానికి ప్రహ్లాదుడి జవాబు ‘చదువులలో మర్మమెల్లఁ జదివితి తండ్రీ’. కొడుకును తండ్రి పిలిచిన పిలుపే తిరిగి తండ్రికి చేరింది. ఒకే మాట రెండు వైపులా నడిచింది, చదివే మనకు ఎవరు ఎవరిని పిలిచారో అన్న అనుమానం ఒక్క క్షణమైనా రాలేదు.

ఇందులో మరొక సంగతి గమనించండి. పంపినవాడు కోరిన చదువు ఒకటి, పిల్లవాడు పట్టుకొచ్చిన మర్మం మరొకటి. ఆ తేడా తండ్రికి మింగుడుపడక కోపం ముదిరి, చివరకు స్తంభం దగ్గర నిలబడినప్పుడు అతని నోట వచ్చిన పిలుపు ‘డింభక! సర్వస్థలముల’ అని. డింభకుడంటే బాలుడనే అర్థం, అది తిట్టు కాదు. అయినా ‘తండ్రీ’ పోయి ఆ మాట వచ్చిందంటే ఆ రెంటి నడుమ ఎంత ప్రేమ ఎండిపోయిందో తెలుస్తుంది. పిలుపు మారితే మనసు మారినట్టే అని పోతన అంతటివాడికి తెలుసు.

ఇక మాటల పుట్టుక. అమ్మకు ‘ఆయి’ చేరి అమ్మాయి, తండ్రి అనే అర్థమున్న అబ్బకు చేరి అబ్బాయి అయినట్టు నాకు తోస్తుంది. పాపాయి, బుజ్జాయిలలో ఉన్నదీ ఆ ముద్దు ప్రత్యయమే. కాబట్టి ఆ మిస్ గారు మీ పిల్లను ‘ఈ అమ్మాయి’ అన్నప్పుడు తామూ అమ్మా అన్నవారే. మన కోనసీమలో అబ్బులు, అమ్మాజీ అన్న పేర్లు ఉన్నాయి కదా, వాటి మూలమూ ఇక్కడే వెదకాలి. తాత పేరు మనవడికీ, నాయనమ్మ పేరు మనవరాలికీ పెట్టే ఇళ్ళలో, మామగారి పేరు పలకకూడని కోడలు తన బిడ్డను ‘నాన్నా’ అనీ ‘అయ్యా’ అనీ పిలుచుకుంది. ఈ వాడుక బలపడడానికి అదీ ఒక కారణం కావచ్చు. పరాయి స్త్రీని గౌరవించే అమ్మా, నొప్పికి వచ్చే అమ్మా వేరు, వాటి జోలికి ఇప్పుడు పోవడం లేదు.

తికమక అన్న మాటకు మాత్రం మన డెల్టా ఇళ్ళలోనే జవాబుంది. కన్నతండ్రిని ‘నాన్నగారూ, రండి’ అనే ఇంట్లో పిల్లవాడిని ‘నాన్నా, రా’ అంటారు. పిల్లవాడికి గారు చేర్చినవారిని నేను చూడలేదు. మూడేళ్ళ పసివాడు కూడా ఆ తేడా చెవితోనే పట్టేస్తాడు. చంటిపిల్లలను బేబీ, డార్లింగ్ అని పిలిస్తే లేని అభ్యంతరం, అమ్మా అంటే ఎందుకు రావాలో నాకు బోధపడదు.

అయితే ఆ ఉపాధ్యాయిని చెప్పినదంతా తోసివేయను. నలుగురు పిల్లలున్న గదిలో ఎవరి పేరు వారికి తెలియాలి, పిలవగానే పలకాలి; అక్కడ పేరు పెట్టి పిలవడమే పద్ధతి. ఇంటి పిలుపును కూడా దిద్దాలనుకోవడమే అనవసరం. ఈసారి మీరు బడికి వెళ్ళినప్పుడు వారి డైరీ ఒకసారి తిప్పి చూడండి. చాలా బడుల డైరీలలో ‘మీ వార్డు’ అని ఉంటుంది, మీ సంరక్షణలో ఉన్న పిల్ల అని దాని ఇంగ్లీషు అర్థం. తెలుగువారికి వార్డు అంటే ఆసుపత్రిలో గది, పంచాయతీలో భాగం. దానికి బదులు ‘మీ అమ్మాయి’ అని రాయమని మర్యాదగా అడగండి.