తలుపు నువ్వే తోసి చూడు

చిరంజీవి స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు విశాఖపట్నంలో ఆడిటర్ శిక్షణలో చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బ్యాంకు పరీక్షలు మానేసి రొయ్యల ఫ్యాక్టరీలకు సర్టిఫికెట్లు ఇచ్చే ఉద్యోగమేమిటని ఆమె బాధ. నాకు ముందు గర్వమే కలిగింది. రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది. కాకినాడ చుట్టుపక్కల ప్లాంట్లలో నాణ్యత విభాగంలో పనిచేసి, ఆ తర్వాత కొన్నాళ్లు ఆడిటర్ల బృందాలతో తిరిగినదాన్ని. ఆ బల్లకు రెండు వైపులా కూర్చున్నదాన్ని కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. బీఏపీ, ఏఎస్‌సీ అనేవి చేపలు, రొయ్యల పెంపకానికి ఇచ్చే సర్టిఫికెట్లు, ఎస్ఏ 8000 పనివాళ్ల పరిస్థితులు చూసి ఇచ్చేది. వాటి నిబంధనలు ఒకదానితో ఒకటి కలిపేయకుండా చదువు. గమ్‌బూట్లు నీ కొలతవి నువ్వే కొనుక్కో, ప్లాంటువాళ్లు ఇచ్చేవి ఎప్పుడూ పెద్దవే. తిరిగి వచ్చేటప్పుడు కారు డిక్కీలో పెట్టే రొయ్యల పెట్టె వద్దను. మొహమాటపడకు, ఆ పెట్టె వెనక్కి పంపడంలో అమర్యాద ఏమీ లేదు.

అమ్మకానికి వెళ్లే పెట్టెల మీద సర్టిఫికెట్ నక్షత్రాలు చూసి మురిసిపోకు. బీఏపీలో నాలుగు నక్షత్రాలంటే ప్లాంటు, చెరువు, రొయ్య పిల్లలను పుట్టించే హేచరీ, మేత మిల్లు నాలుగూ తనిఖీ అయ్యాయని అర్థం. అక్కడ మనుషులను నాలుగింతలు బాగా చూసుకుంటున్నారని కాదు. ఇంకో సంగతి. నీ సంస్థకు ఫీజు కట్టేది నువ్వు తనిఖీ చేయబోయే కంపెనీయే. ప్రపంచంలో చాలా చోట్ల ఇలాగే నడుస్తోంది. గట్టిగా రాస్తే వచ్చే ఏడాది వాళ్లు ఇంకొకరిని పిలుచుకోవచ్చు. ఆ మాట నీతో ఎవరూ నేరుగా అనరు. ‘కాస్త సర్దుబాటుగా రాద్దాం’ అంటారు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. 2012 సెప్టెంబర్ 11న కరాచీలోని బల్దియా టౌన్‌లో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. జర్మనీకి చెందిన కిక్ దుకాణాలకు జీన్సు ప్యాంట్లు కుట్టే చోటు అది. 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు, బయటికి వెళ్లే తలుపులకు తాళాలు. అంతకు కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. పని గంటలు, జీతాలు, భద్రత, సంఘం పెట్టుకునే హక్కు అన్నీ చూసి ఇవ్వవలసిన సర్టిఫికెట్ అది. దాని మీద పేరున్నది ఇటలీ సంస్థది, లోపలికి వెళ్లి చూసి వచ్చింది అక్కడి స్థానిక ఉప కాంట్రాక్టరు మనుషులు. నిప్పు ఎవరో కావాలనే పెట్టారని 2020లో అక్కడి కోర్టు తేల్చింది. కొందరు ఆ తీర్పు చూపించి, ఇక ఆడిటర్ల తప్పు ఏముందని నాతోనే వాదించారు. నాకు ఒళ్లు మండింది. నిప్పు ఎవరు పెట్టారో చూడడం ఆడిటర్ పని కాదు, నిజమే. నిప్పు ఏ దారిన వచ్చినా మనిషి బయటపడే దారి ఉందో లేదో చూడడం ఆడిటర్ పని. తర్వాత 2016లో బాధితుల కుటుంబాలకు 50 లక్షల డాలర్లకు పైగా ఇవ్వడానికి కిక్ ఒప్పుకుంది. ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేసినవారు ఫ్యాక్టరీ తగలబడిన రాత్రి టీవీ ముందు ఎలా కూర్చున్నారో అని ఇప్పటికీ అనుకుంటాను. నువ్వు అలా కూర్చోకూడదు.

ఆ అగ్నిప్రమాదం మరుసటి ఏడాది, 2013 ఏప్రిల్‌లో, ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది పోయారు. అందులోని ఫ్యాక్టరీలకూ ఆడిట్లు జరిగాయి, కానీ భవనం నిలుస్తుందా అన్న ప్రశ్న వాళ్ల కాగితంలో లేదు. కాగితంలో లేని ప్రశ్న కూడా అడగడం నేర్చుకో తల్లీ.

ఆడిట్ ముందురోజు ప్లాంటు అంటే పెళ్లివారిల్లే. కొత్త సున్నం వాసన, కొత్త చేతి తొడుగులు, నిండుగా సర్దిన మందుల పెట్టె, గుడ్డపీలికలతో మెరిపించిన గేటు. రొయ్యల తలలు తీసే ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి, ఎన్ని గంటలు పని చేస్తారని అడిగితే ఏం చెప్పాలో మేస్త్రీ నేర్పించేవాడు. మంచులో నాని తోలు ఊడిన వేళ్లున్నవాళ్లను ఆ రోజు సెలవులో ఉంచేవాళ్లు. అందుకని హాజరు పుస్తకం ఒక్కటే చూసి సంతృప్తిపడకు. సరుకు దిగిన వేళ రాసే పుస్తకం తెరిచి, ఫ్రీజర్లో ఎప్పుడు నింపారో దాని పక్కన పెట్టి చూడు. సాయంత్రం ఆరుకు అందరూ ఇంటికి వెళ్లారని హాజరు చెబుతుంటే, రాత్రి పదకొండుకు ఫ్రీజర్ నింపింది ఎవరు? ఆ ప్రశ్న అడిగినప్పుడు మేనేజరు ముఖం చూడు. అరుపులు వద్దు. మీ తాతలాగా వెంటనే గొంతు పెంచే అలవాటు నీకు ఉంది, అది అక్కడ పనికిరాదు.

హాస్టల్‌కు తప్పకుండా వెళ్లు. ఒడిశా నుంచి వచ్చిన ఆడపిల్లలు చాలా ప్లాంట్లలో కాంపౌండ్ లోపలే ఉంటారు. రాత్రి గేటుకు తాళం వేస్తారు. ‘వాళ్ల క్షేమం కోసమే మేడం’ అంటారు. అబద్ధమని కూడా అనలేం, వాళ్ల తల్లిదండ్రులు కూడా అదే కోరుకోవచ్చు. కానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, అర్ధరాత్రి అతను ఎక్కడ పడుకుంటాడు, అది అడుగు. వెనక తలుపును నీ చేత్తో తోసి చూడు. మొక్కజొన్న బస్తాలు అడ్డం పెట్టిన అత్యవసర ద్వారం ఒకచోట చూశాను. ఆ బస్తాలకు అక్కడ ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఫ్రీజర్లకు అమ్మోనియా వాడతారు, లీకైతే ఎటు పరుగెత్తాలో గాలి చెబుతుంది. కాబట్టి గాలివాటం చూపే గుడ్డ గొట్టం పైన ఉందో లేదో తలెత్తి చూడు. ఆ పిల్లలతో మాట్లాడేటప్పుడు కంపెనీ పంపిన అనువాదకురాలు వద్దు. ఒడియాలో నాలుగు మాటలు నేర్చుకో. నేను నేర్చుకున్నవి ఇప్పుడు కూరగాయలు కొనడానికి కూడా చాలవు, కానీ ఆ పిల్లలు నవ్వి, తర్వాత మాట్లాడేవాళ్లు.

2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ మన రొయ్యల పరిశ్రమలో కూలీల స్థితి గురించి నివేదిక వెలువరించింది. దాన్ని శిక్షణకు ముందే చదువు. ప్లాంటు బయట, రికార్డులకు దూరంగా తలలు తీసే షెడ్లు ఉంటాయి. సర్టిఫికెట్ ప్లాంటుకు, పని షెడ్డులో. సరుకు ఎక్కడ తల తీయించుకుని వచ్చిందో అడిగితే చాలా సంగతులు బయటపడతాయి.

చెరువుల తనిఖీకి వెళితే రైతుతో పాటు పక్క ఊరివాళ్లతోనూ మాట్లాడు. తీరంలో రొయ్యల చెరువులపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు ప్రధానమైన ఫిర్యాదుల్లో ఒకటి మంచినీళ్లు ఉప్పెక్కడం. ఊరి బోరు నీళ్లు ఒక గుక్క తాగి చూడు. ప్రయోగశాల నివేదిక తర్వాత వస్తుంది.

చూడనిదాన్ని చూడలేదనే రాయి. ‘సంతృప్తికరం’ అనే మాట నీ కలం నుంచి రాకుండా ఉంటే ఇంకా మంచిది.

మీ అమ్మకు నేను సర్ది చెబుతాను. ఆమె భయమంతా రాత్రి ప్రయాణాల గురించి. కంపెనీ కారులో చీకటి పడ్డాక రావొద్దు, ఏ ఊళ్లో ఉన్నా బస సంస్థ ఖర్చుతోనే, ప్లాంటు గెస్ట్‌హౌస్‌లో వద్దు. ఈ షరతులు నియామక పత్రం తీసుకునే ముందే మాట్లాడుకో. నీ మొదటి రిపోర్టు నాకు పంపించమని అడగాలని ఉంది, కానీ గోప్యత పత్రం మీద సంతకం చేయించుకుంటారు కనుక పంపకు. ఆదివారం భోజనానికి రా. రొయ్యలు వండను, భయపడకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ