గణితంలో పరిశోధన చేస్తానంటున్న అమ్మాయి, ముప్పై ఏళ్ల లెక్క వేస్తున్న తండ్రి

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీఎస్ (గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్) చివరి సంవత్సరంలో ఉంది. గణితంలో ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సు చేయిస్తే త్వరగా స్థిరపడుతుందని మా ఆలోచన. రెండింటిలో ఏది మేలు? పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై వస్తాయేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు: మీరు చివర్లో రాసిన వాక్యమే అసలు ప్రశ్న అనుకుంటున్నాను. ఇటువంటి ఉత్తరాలు నాకు జగిత్యాల నుంచి, మంచిర్యాల నుంచి కూడా వస్తుంటాయి. కొడుకు చదువు గురించి రాసే తండ్రులు మాత్రం ఈ ముప్పై ఏళ్ల లెక్క వేయగా నేను చూడలేదు. ఇరవై మూడుకు ఎమ్మెస్సీ, ఆపైన గణిత పీహెచ్‌డీకి సాధారణంగా అయిదేళ్లు, అంటే మీ లెక్క పెద్దగా తప్పలేదు. అయితే జేఆర్‌ఎఫ్ (పరీక్ష ద్వారా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే ఆ అయిదేళ్లలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయల ఫెలోషిప్ అమ్మాయి చేతికే వస్తుంది. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలలో పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకూ, గడువులో రెండేళ్ల అదనపు సడలింపుకూ అవకాశం ఉంది. పెళ్లయితే చదువు ఆపాలని ఏ విశ్వవిద్యాలయమూ అడగదు. ఆ షరతు పెట్టే సంబంధాన్ని మీరే వద్దనవచ్చు.

ఇక డేటా సైన్స్ విషయంలో నా సందేహాలను దాచుకోను. కొద్ది నెలల కోర్సులలో నేర్పేది చాలావరకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇతరులు రాసిపెట్టిన లైబ్రరీలను, అంటే సిద్ధంగా ఉన్న కోడ్‌ను, వాడటమే. ఆ పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు కృత్రిమ మేధే చేసిపెడుతోంది. ఆ లైబ్రరీల లోపల ఉన్నది లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, ఆప్టిమైజేషన్ వంటి గణితమే. వీటిని క్షుణ్ణంగా చదివిన ఎమ్మెస్సీ విద్యార్థిని కొన్ని నెలలు కష్టపడి అటు వెళ్లగలదు కానీ, ఉద్యోగంలో చేరి అయిదేళ్లయ్యాక రియల్ అనాలిసిస్ వంటి సిద్ధాంత గణితం పుస్తకం మళ్లీ తెరిచినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. కోర్సు ప్రకటన ఫ్లెక్సీ మీద కనిపించే జీతం ప్యాకేజీ ఒక్కరిది. ఆ బ్యాచ్‌లో ఎంతమంది చేరారో, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో రాతపూర్వకంగా ఇమ్మని అడిగి చూడండి.

పరిశోధన మార్గం సులువని నేను చెప్పను. పీహెచ్‌డీ తరువాత ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), తరచుగా పరాయి దేశంలో, ఆపైన శాశ్వత నియామకం కోసం నిరీక్షణ ఉంటాయి. విశ్వవిద్యాలయ ప్రకటన ఎప్పుడు వస్తుందా అని ఏళ్ల తరబడి చూసినవారు మన జిల్లాల్లోనే ఉన్నారు. కానీ మధ్యలో ఆగినా రోడ్డున పడే చదువు కాదిది. ఎమ్మెస్సీతో జూనియర్ లెక్చరర్ పోస్టులకు, నెట్ లేదా సెట్ అనే అధ్యాపక అర్హత పరీక్ష పాసై ఉంటే డిగ్రీ కళాశాలల అధ్యాపక పోస్టులకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన ఆడపిల్లలకు ఇది అందేదేనా అంటారా? 2010లో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ప్లీనరీ ప్రసంగం (సభికులందరి ముందు చేసే ప్రధాన ప్రసంగం) చేసిన రామన్ పరిమళ చెన్నైలో చదివారు. యువ గణితవేత్తలకిచ్చే రామానుజన్ బహుమతిని 2021లో అందుకున్న నీనా గుప్తా చదువంతా కోల్‌కతాలోనే సాగింది.

ఎమ్మెస్సీకి వరంగల్ ఎన్‌ఐటీ మీ ఊళ్లోనే ఉంది, మంచిదే. అయితే ఇంటి నుంచి వెళ్లి రావచ్చన్న ఒక్క కారణంతో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్నో, ఐఐటీలనో జాబితాలోంచి తీసేయకండి.

నాకున్న ఒకే అనుమానం అమ్మాయి గురించి. డిగ్రీలో సిద్ధాంతాలను కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకోవచ్చు, కానీ పరిశోధనలో నిరూపణను తానే వెతుక్కోవాలి. ఆ పని తనకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి వేసవిలో ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ శిబిరాలు నాలుగు వారాలపాటు జరుగుతాయి. దానికి దరఖాస్తు చేయించండి. తిరిగి వచ్చాక కూడా ఇదే మాట అంటే, ఐఐటీల వంటి సంస్థల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి రాసే జామ్ పరీక్ష పుస్తకాలు కొనిపెట్టండి.