సమాధానం: జాకబ్ జోన్స్ మునిగింది 1917లోనా, 1942లోనా?

జాకబ్ జోన్స్ అనే అమెరికా యుద్ధనౌక ఎప్పుడు మునిగిందో వ్యాసం కోసం వెతికితే రెండు తేదీలు కనిపించాయని అడిగారు కదా. రెండూ నిజమేనండీ, టెన్షన్ వద్దు. అమెరికా నౌకాదళంలో ఆ పేరుతో రెండు డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే ఒక రకం యుద్ధనౌకలు) ఉండేవి. రెండింటినీ జర్మన్ సబ్‌మెరైన్లే ముంచాయి, అందుకే ఇంత గందరగోళం. నౌక నంబర్ చూస్తే తేలిపోతుంది: 61 అయితే పాతది, 130 అయితే 1942 ఫిబ్రవరి 28న మునిగినది.

మీరు రాస్తున్నది మొదటి ప్రపంచ యుద్ధం గురించి కాబట్టి 61నే తీసుకోండి. అది 1916 ఫిబ్రవరిలో సేవలో చేరింది. 1917 డిసెంబర్ 6న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ నుంచి ఐర్లాండ్‌లోని క్వీన్స్‌టౌన్‌కు ఒంటరిగా తిరిగి వస్తుంటే జర్మన్ సబ్‌మెరైన్ యు-53 వదిలిన టార్పెడో తగిలింది. ఎనిమిది నిమిషాల్లో మునిగిపోయింది. వెనక భాగంలోని డెప్త్ చార్జీలు (సబ్‌మెరైన్ల మీద వాడే, నీటి లోతులో పేలే బాంబులు) నీళ్లలోకి దిగాక పేలాయి. ప్రాణాలు దక్కించుకుని ఈదుతున్నవాళ్లు కొందరు ఆ దెబ్బకే పోయారు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు గుండె పిండేసినట్టు ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం మీ వ్యాసంలో తప్పకుండా రాయండి. ఆ సబ్‌మెరైన్ కెప్టెన్ హాన్స్ రోజ్ గాయపడిన ఇద్దరిని పైకి తీసుకున్నాడు. మిగతావాళ్లు ఎక్కడున్నారో క్వీన్స్‌టౌన్‌కు తనే రేడియోలో చెప్పాడు.