ఐదు సీట్ల కారులో తొమ్మిది మంది ఎక్కుతామంటున్నారు, చుట్టాలకి ఎలా కాదనాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఐదుగురు పట్టే కారు, నడిపేది మీరు, పెళ్లికి బయల్దేరేది మీతో కలిపి తొమ్మిది మంది, అందులో ముగ్గురు చిన్నపిల్లలు. మీ అత్తగారు అప్పుడే అందరికీ మాటిచ్చేశారు. వద్దంటే "కారు కొన్నాక కళ్లు నెత్తికెక్కాయి" అంటారని మీ భయం. ఇవన్నీ నేనూ పడ్డాను కాబట్టి, నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది రాజమండ్రి. కొన్నేళ్ల కిందట మాఘమాసంలో మా మేనత్త మనవరాలి పెళ్లి, అన్నవరం కొండ మీద, రాత్రి ముహూర్తం. సరిగ్గా మీలాగే తొమ్మిది మందిమి. ముందు నేను, పక్కన బాబాయి, ఆయన ఒళ్లో నాలుగేళ్ల మనవరాలు. వెనక అమ్మ, పిన్ని, పెద్దమ్మ, వదిన, వాళ్ల ఒళ్లలో ఇద్దరు పిల్లలు. డిక్కీ నిండా సారె డబ్బాలు. "సర్దుకుంటే అదే సరిపోతుంది" అన్నారు, సర్దుకున్నారు. నేనూ నవ్వుతూనే బండి తీశాను. తప్పు మొదట నాది.

కాలనీ దాటేలోపే స్పీడ్ బ్రేకర్ మీద బండి కింద గీసుకుంది. అద్దంలో చూస్తే తలలు తప్ప వెనక రోడ్డు లేదు. గేరు మార్చబోతే ప్రతిసారీ పాప కాళ్లు నా చేతికి తగిలేవి. జగ్గంపేట దాటుతుంటే డివైడర్ సందులోంచి ఒక బైకు అడ్డం వచ్చింది. నాకు అలవాటైన చోట బ్రేకు తొక్కాను. రోజూ ఆగే చోట బండి ఆగలేదు, ఇంకా ముందుకి వెళ్లిపోయింది. బైకతను బతికిపోయాడు, మేమూ ఎవరినీ గుద్దలేదు. కానీ పాప బాబాయి చేతుల్లోంచి జారి మూతి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. పై పాలపళ్లు రెండు ఊడాయి, పెదవి చీలింది. జగ్గంపేటలోనే ఒక ఆసుపత్రిలో మూడు కుట్లు వేశారు. పసుపు పట్టు పరికిణీ మీద ముందంతా రక్తం.

బాబాయి ఆ బల్ల పక్కన నిలబడి ఒకటే మాట. "పట్టుకున్నానమ్మా, గట్టిగానే పట్టుకున్నాను." ఆయన వయసులో ఉండగా మిల్లులో 75 కిలోల ధాన్యం బస్తాలు ఎత్తిన మనిషి. ఆ చేతులు 14 కిలోల పిల్లని ఆపలేకపోయాయి. మాది గుద్దుకోవడం కూడా కాదు, వట్టి బ్రేకు. అదే 50 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్ది ఉంటే ఒళ్లో పిల్ల తన బరువుకి ఇరవై ముప్పై రెట్ల బలంతో ముందుకి వెళ్తుందట. అంటే ఆ పిల్లే మూడు నాలుగు వందల కిలోల బరువన్నమాట. ఎవరు పట్టుకుంటారు? పైగా ముందు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే మధ్యలో నలిగేది పాపే. ముందు సీట్లో ఒళ్లో పిల్లని కూర్చోబెట్టడం ఎంత తప్పో నాకు ఆ రాత్రి తెలిసింది. పళ్లు మళ్లీ వచ్చాయి. పెదవి మీద గీత ఇప్పటికీ ఉంది.

తర్వాత కారుతో వచ్చిన పుస్తకం తీసి చూశాను. ఖాళీ బండి బరువు, గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. తేడా తీస్తే నా కారు మోయగలిగేది మనుషులూ సామానూ కలిపి నాలుగు వందల చిల్లర కిలోలు. ఆ రోజు మేం ఎక్కించింది దాన్ని ఎప్పుడో దాటిపోయింది. టైర్లలో గాలి కూడా మామూలు రోజులదే. నిండు బరువుకి గాలి ఎక్కువ పెట్టాలని డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసే ఉంటుంది, మనం చూడం. మీరు ఒకసారి మీ పుస్తకం తీసి ఆ లెక్క వేసుకోండి. చుట్టాలకి చూపించడానికి కాదు, కాదనేటప్పుడు మీ గొంతు వణక్కుండా ఉండడానికి.

ఇక ఎలా చెప్పాలన్నది. అదే ఏడాది కార్తీకంలో సామర్లకోట, ద్రాక్షారామం వెళ్దామని మళ్లీ అందరూ అనుకున్నారు. తొమ్మిది మందే. ఈసారి రెండు రోజుల ముందే పిన్నికి ఫోన్ చేశాను. మా ఇళ్లలో మగవాళ్లు గట్టిగా మాట్లాడతారు కానీ, చివరికి నడిచేది పిన్ని మాటే. "పిన్నీ, నా కారులో నాతో కలిపి ఐదుగురమే. మిగతా నలుగురికి డ్రైవరుతో ఇంకో కారు మాట్లాడేశాను, పొద్దున్న ఐదింటికి మీ గుమ్మంలో ఉంటుంది. డబ్బులు నేనిస్తున్నాను" అన్నాను. అంతే. కుదురుతుందా, ఏమంటావు అని అడగలేదు. అడిగితే "ఎందుకమ్మా దండగ" దగ్గర మొదలై మళ్లీ సర్దుకోవడం దగ్గరే తేలుతుంది.

ఎవరు ఏ బండిలో అన్నది కూడా అప్పుడే చెప్పేశాను. మా అమ్మని అద్దె కారులో వేశాను. ఇది చిన్న విషయం కాదండీ. సొంత తల్లిని దగ్గర పెట్టుకుని మిగతావాళ్లని అద్దె బండి ఎక్కించి ఉంటే ఆ మాట పదేళ్లు ఉండేది. మీరూ మీ పుట్టింటి వాళ్లెవరైనా వస్తుంటే ముందు వాళ్లనే అటు పంపండి.

నాకు బాగా అర్థమైంది ఒకటుంది. వాళ్లు అడిగేది ఇరుకు కాదు, కలిసి వెళ్లడం. దారిలో కబుర్లు, అందరూ ఒకేసారి దిగడం, పిల్లలంతా ఒకచోట ఉండడం. అందుకే ఆ రోజు రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి నడిపించాం, మధ్యలో కాఫీకి ఆగాం, తిరిగి వచ్చేటప్పుడు మనుషుల్ని అటూ ఇటూ మార్చాం. అద్దెకి నాకు రెండున్నర వేలు అయింది. ఆ రెండున్నర వేలతో చీర కొనేదాన్నే, కొనలేదు.

చట్టం పేరు చెప్పి ఆపొచ్చా అని అడిగారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత బెల్టు లేకపోతే 1,000 రూపాయలు, 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకుండా తీసుకెళ్తే 1,000 జరిమానా ఉంది. ఐదు బెల్టుల కారులో తొమ్మిది మందికి బెల్టులు ఎక్కణ్ణించి వస్తాయి? కానీ దీనితో మొదలుపెట్టకండి. "తలా వంద వేసుకుని కట్టేద్దాం లే" అన్నారు మా బాబాయి మొదటిసారి. మగవాళ్ల మీద పనిచేసింది ఇన్సూరెన్సు మాట. పరిమితికి మించి ఎక్కిన ఒక బస్సు ప్రమాదం కేసులో, పాలసీలో ఎంతమంది ఉన్నారో అంతమంది వరకే కంపెనీ బాధ్యత అని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు మించితే ఉన్న డబ్బే అందరూ పంచుకోవాలి. ఇది చెప్తే మా పెద్దనాన్న ఒక్క నిమిషం ఆలోచించారు.

"అందరూ ఇలాగే వెళ్తున్నారు, ఏమైంది?" అన్న మాట మీకు తప్పకుండా వస్తుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో లోయలో పడిన బస్సులో కూడా పట్టాల్సిన వాళ్లకంటే చాలా ఎక్కువమంది ఉన్నారు, 60 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎంతమంది అంతకుముందు అలాగే ఎక్కి క్షేమంగా ఇల్లు చేరి ఉంటారు! "వెనక కూర్చునేవాళ్లకి బెల్టెందుకు" అని వదిన అంటే, 2022లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ అంత ఖరీదైన కారులో వెనక సీట్లో బెల్టు లేకుండానే పోయారని చెప్పాను. వెనకవాళ్లు ఎగిరి ముందువాళ్ల మీద పడతారని కూడా చెప్పాను. ఆ రెండోదే ఎక్కువ పట్టింది ఆవిడకి.

ఇంత చేసినా బయల్దేరే పొద్దున్న గేటు దగ్గర ఒక పరీక్ష ఉంటుంది. ఆ రోజు మా పెద్దనాన్న పక్కింటావిణ్ణి వెంటబెట్టుకొచ్చారు. "పాపం ఒంటరి మనిషి, మూల కూర్చుంటుంది." నేను బండి ఆపేసి తాళం చేతిలోకి తీసుకుని దిగాను. "పెద్దనాన్నా, ఆవిడ గారికి బెల్టు లేదు. నేను తియ్యలేను" అన్నాను. గొంతు పెంచలేదు, కారణాలు మళ్లీ చెప్పలేదు. పది నిమిషాలు అలాగే నిలబడ్డాం. చివరికి మా తమ్ముడు ఆవిణ్ణి స్కూటీ మీద బస్టాండుకి తీసుకెళ్లి సామర్లకోట బస్సెక్కించాడు, మేం అక్కడ దిగేసరికి ఆవిడ గుడి దగ్గరే ఉంది. పెద్దనాన్న మాత్రం దారంతా నాతో మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి మా ఇంటికి రాలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు, నా కారు మాత్రం ఎక్కరు. అది నాకు బాధగానే ఉంది. మీకూ ఒకరిద్దరి దగ్గర అలా జరగొచ్చు, ముందే మనసు సిద్ధం చేసుకోండి.

కారు రిపేరనో, ఒంట్లో బాలేదనో అబద్ధం చెప్పొద్దు. మర్నాడు మీ కారు వీధిలో కనిపిస్తుంది, ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. మీవారితో చెప్పించొద్దు, నడిపేది మీరు. మీ అత్తగారితో మాత్రం ఈ రాత్రే ఒంటరిగా మాట్లాడండి. "అత్తయ్యా, పిల్లలు ముగ్గురున్నారు, నాకు ధైర్యం చాలడం లేదు. రెండో బండి మాట్లాడాను, ఆ మాట మీరే అందరికీ చెప్పండి" అనండి. మాటిచ్చింది ఆవిడే కాబట్టి, మార్చే మాట కూడా ఆవిడ నోటి నుంచే రావాలి. అప్పుడు ఆవిడ పరువూ నిలుస్తుంది.

బండి ఇవాళే మాట్లాడుకోండి, ముహూర్తాల రోజుల్లో ఆఖరి నిమిషంలో దొరకవు. ఏడు సీట్ల బండి ఒక్కటే పెడితే అందరూ పడతారనుకోకండి, అందులో డ్రైవరు పోను ఆరుగురే. మీ కారులో మీతో ఐదుగురు, డ్రైవరుతో వచ్చే మామూలు కారులో నలుగురు, సరిగ్గా తొమ్మిది. పిల్లలు ఏ బండిలో ఉంటే వాళ్ల అమ్మలు ఆ బండిలోనే, పిల్లలందరూ వెనక సీట్లోనే.