కార్డు కొనే ముందు పెట్టె విప్పి చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి బావ ఫోన్ చేశారు. పెళ్లి వీడియో కోసం నువ్వు మూడు రాత్రులుగా కూర్చునే ఉన్నావట. జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి టైమ్‌లైన్ కదలడం లేదట. సిస్టమ్ అమ్మినతను గ్రాఫిక్స్ కార్డు వేయించుకోమన్నాడట. పదివేలు సర్దనా అని బావ అడిగితే నాలుగు రోజులు ఆగమన్నాను. నీ మీద నమ్మకం లేక కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఇన్నేళ్లు కంప్యూటర్ రిపేర్ టేబుల్ ముందు కూర్చున్నవాణ్ణి. కార్డు కొన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దిగాలు పడ్డవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు వాళ్లలో ఒకదానివి కాకూడదు.

ఆ పరిస్థితి నా చేతుల మీదుగా కూడా ఒకసారి వచ్చింది. 2001 ప్రాంతంలో నల్గొండ నుంచి ఒక కుర్రాడు వచ్చి గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాడు. ప్రాసెసర్ ఏమిటని అడిగాను, పెంటియం 3 అన్నాడు. సరేనని ఏజీపీ కార్డు (అప్పట్లో గ్రాఫిక్స్ కార్డులకు ఆ పేరుతో ప్రత్యేకంగా స్లాట్ ఉండేది) తెప్పించి ఇచ్చాను. వారం తర్వాత అతను సీపీయూని గోనెసంచిలో చుట్టి బస్సులో మోసుకొచ్చాడు. విప్పి చూస్తే ఇంటెల్ 810 చిప్‌సెట్ మదర్‌బోర్డు. అందులో గ్రాఫిక్స్ బోర్డులోనే ఉంటుంది, ఏజీపీ స్లాట్ అసలు ఉండదు. తప్పు నాదే, డబ్బులు తిరిగిచ్చేశాను. కానీ ఆ కుర్రాడి వారం రోజులు, బస్సు ఛార్జీలు నేను తిరిగివ్వలేకపోయాను. అప్పటి నుంచి పెట్టె విప్పి చూడకుండా ఎవరికీ కార్డు చెప్పలేదు. నీకూ చెప్పను.

ఇప్పుడు నీ సిస్టమ్ సంగతి. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఐ5-6500 అని ఉంది. అది ఇంటెల్ ఆరో తరం, 2015లో వచ్చింది. అందులోని గ్రాఫిక్స్ పేరు హెచ్‌డీ గ్రాఫిక్స్ 530. ర్యామ్ 8 జీబీ, ఒకటే స్టిక్. నీ కష్టాల్లో సగం ఈ "ఒకటే స్టిక్" దగ్గరే ఉంది.

ఎందుకో చెబుతాను. విడిగా కొనే కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంతంగా ఏమీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌లోంచే చేబదులు తెచ్చుకుని నడుపుకుంటుంది. నీ ర్యామ్ డీడీఆర్4 రకమైతే దాని స్పీడు 2133. ఒక్క స్టిక్ ఉంటే సెకనుకు సుమారు 17 జీబీ డేటా మాత్రమే వెళ్లే దారి ఉంటుంది. ఆ దారిలోనే ప్రాసెసర్ నడవాలి, గ్రాఫిక్సూ నడవాలి. అలాంటిదే ఇంకో స్టిక్ రెండో ఛానల్ స్లాట్‌లో పెడితే దారి రెట్టింపవుతుంది, 34 జీబీ. కొత్త కార్డు ఏదీ కొనకుండానే గ్రాఫిక్స్‌కు ఊపిరి ఆడుతుంది. 8 జీబీ కాస్తా 16 జీబీ కావడం అదనపు లాభం.

కొనే ముందు ఇప్పుడున్న స్టిక్ తీసి దాని మీది స్టిక్కర్ చదువు. ఆరో తరంలో కొన్ని బోర్డులు డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్3ఎల్‌వి. ఒకదాని గాడి ఇంకోదానికి సరిపోదు. పెట్టాక సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే ఛానల్ ఎదురుగా "డ్యుయల్" అని గానీ, కొత్త వెర్షన్లలో "2 x 64-bit" అని గానీ కనిపించాలి. "సింగిల్" అనో "1 x 64-bit" అనో ఉంటే స్లాట్ మార్చి పెట్టు.

నువ్వు వీడియో ఎడిటింగ్‌కు వాడే సాఫ్ట్‌వేర్ ఎడియస్ కదా. మన దగ్గర పెళ్లి స్టూడియోల్లో చాలామంది వాడేది అదే. మీకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను, ఈ ఉత్తరంలో ఇది మాత్రం రెండుసార్లు చదువు. నీ ప్రాసెసర్‌లోని ఆ చిన్న గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని ఒక భాగం ఉంది. హెచ్.264 అనే రకం వీడియో ఫైలును చదవడం, రాయడం దాని పని. ఎడియస్‌లో హెచ్.264 ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హార్డ్‌వేర్ ఎన్‌కోడ్ అని టిక్ పెడతావే, ఆ పని చేసేది అదే. అందరూ "బిల్ట్-ఇన్ గ్రాఫిక్స్ దండగ" అంటారు గానీ, నీ పనికి అది పనిమంతురాలు. దాన్ని తీసి పారేసే ఆలోచన చేయకు.

ఇందులోంచే ఇంకో చిక్కు వస్తుంది. చాలా బోర్డులు స్లాట్‌లో కార్డు కనబడగానే బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే నడిచే బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) బిల్ట్-ఇన్ గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. అప్పుడు ఎడియస్‌లో ఆ టిక్ పని చేయడం మానేస్తుంది. ఓ స్టూడియో ఆయన నా దగ్గరికి వచ్చి, "కార్డు వేశాక ఎక్స్‌పోర్ట్ ఇదివరకటి కంటే ఆలస్యమవుతోంది, కార్డు ఖరాబైందా సార్" అని అడిగాడు. కార్డుకేమీ కాలేదు. బయోస్‌లోకి వెళ్లి ఇంటర్నల్ గ్రాఫిక్స్‌ను ఎనేబుల్ చేశాను. మానిటర్ల సెట్టింగ్ దగ్గర మల్టీ మానిటర్ అని ఉంది, దాన్నీ ఆన్ చేసి ఇచ్చాను. పని మళ్లీ దారిలో పడింది. పేరు ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉంటుంది, వెతుక్కోవాలి.

ఇక కెమెరా సంగతి. మీ స్టూడియోవాళ్లు కొత్త సోనీ కెమెరా కొన్నారని అన్నావు. అందులో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా రికార్డయ్యే సెట్టింగ్) పెట్టి తీస్తున్నారేమో అడుగు. ఆ రకం హెచ్.264 ఫైలును నీ గ్రాఫిక్స్ మాత్రమే కాదు, ఎన్విడియా కంపెనీ కార్డుల్లోనూ 2025లో వచ్చిన 50 సిరీస్‌కు ముందు కార్డులు ఏవీ సొంతంగా చదవలేవు. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. నీ ఐ5లో ఉన్నవి నాలుగు కోర్లే. అంటే నువ్వు పదివేలు పెట్టి కార్డు తెచ్చినా జీలకర్ర బెల్లం దగ్గర సిస్టమ్ అలాగే నిలబడిపోతుంది. దానికి మందు ప్రాక్సీ. ఎడియస్‌లో ప్రాక్సీ మోడ్ పెట్టుకుని చిన్న ఫైళ్లతో ఎడిట్ చేసుకో, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్లతోనే అవుతుంది. ప్రాక్సీలు తయారవడానికి రాత్రంతా పట్టినా పరవాలేదు, ఆ రాత్రి నువ్వు నిద్రపో. ఫైళ్లు పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చు.

ఇవన్నీ చేసి రెండు పెళ్లిళ్లు ఎడిట్ చేశాక కూడా కలర్ కరెక్షన్ దగ్గరో, టైటిల్స్ దగ్గరో ఇబ్బంది పడుతున్నావంటే అప్పుడు కార్డు గురించి మాట్లాడుకుందాం. అది కూడా నీ పెట్టె ఒప్పుకుంటేనే.

నీది ఆఫీసుల నుంచి వచ్చిన సన్న పెట్టె. మామూలు కార్డు వెనక పట్టీ 12 సెంటీమీటర్లు ఉంటుంది, నీ పెట్టెలో పట్టేది 8 సెంటీమీటర్లది, లో ప్రొఫైల్ అంటారు. కొన్ని కార్డుల డబ్బాలో రెండు పట్టీలూ ఇస్తారు, కొన్నింటిలో ఇవ్వరు. తర్వాత, కార్డు పెట్టే పొడుగు స్లాట్ పక్కన ఇంకో స్లాట్ అంత ఖాళీ ఉందా, లేక వెంటనే పవర్ సప్లై డబ్బా అడ్డం వస్తోందా చూడు. ఒక్క స్లాట్ చోటే ఉంటే సులువుగా దొరికేవి రెండు: జీటీ 1030, ఆర్‌ఎక్స్ 6400. ఆ రెండింటిలోనూ వీడియో ఎన్‌కోడర్ (వీడియో ఫైలు రాసే భాగం) లేదు! నీకు కావాల్సిన పనే వాటికి రాదు. ఆర్‌ఎక్స్ 6400కి ఇంకో లోపం కూడా ఉంది. అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డు స్లాట్ రకం) 4.0లో నాలుగు లేన్ల మీదే, అంటే నాలుగు దారుల మీదే నడిచేలా కట్టిన కార్డు. నీ బోర్డు 3.0 కాబట్టి దారి సగమైపోతుంది. జీటీ 1030 కొంటానంటే ఇంకో జాగ్రత్త. అది జీడీడీఆర్5 మెమరీతోనూ వస్తుంది, డీడీఆర్4తోనూ వస్తుంది, డబ్బా మీద పేరు మాత్రం ఒకటే. మొదటిది సెకనుకు 48 జీబీ లాగుతుంది, రెండోది 17 కూడా లాగదు. జీటీ 710, 730ల జోలికైతే పోనే పోకు, వాటికి కొత్త డ్రైవర్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

రెండు స్లాట్ల చోటుంటే జీటీఎక్స్ 1650 లో ప్రొఫైల్, లేదా ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది చూడొచ్చు. రెండింటికీ ఎన్‌కోడర్ ఉంది. మొదటిది 75 వాట్లు, రెండోది 70 వాట్లు. స్లాట్ నుంచి కార్డు తీసుకోగలిగేది గరిష్ఠంగా 75 వాట్లే. కాబట్టి పైన ఆరు పిన్నుల పవర్ సాకెట్ లేని మోడలే తీసుకో. జీటీఎక్స్ 1650లో సాకెట్ ఉన్నవీ అమ్ముతారు, డబ్బా తెరిపించి కళ్లతో చూసి తీసుకో.

సాకెట్ ఉన్న కార్డు తెచ్చుకుని, హార్డ్ డిస్క్ వైరుకు కన్వర్టర్ తగిలిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. ఒకాయన అలాగే చేశాడు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది, కింద పట్టికలో 12 వోల్టుల వరుసలో 14 ఆంపియర్లే ఉన్నాయి. 12ని 14తో హెచ్చవేస్తే 168. కార్డు బతికేది ఆ 168 మీదే, 450 మీద కాదు. సాయంత్రం నా టేబుల్ మీద పెట్టి మూత తీస్తే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ హార్డ్ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. అందులో ఒక పెళ్లి ఫుటేజ్ ఉంది, ఇంకో కాపీ లేదు. ఆ పెళ్లివాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఆయన అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడు. నీ దగ్గరున్న ప్రతి పెళ్లికీ రెండో కాపీ ఉందా అమ్మలూ? లేకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు.

సెకండ్ హ్యాండ్ కార్డు మాత్రం నేను పక్కన లేనప్పుడు కొనకు. పాత కార్డులోని బయోస్ మార్చి కొత్త పేరు పెట్టి అమ్ముతారు. కొనే చోటే జీపీయూ-జెడ్ అనే కార్డు వివరాలు చూపే ప్రోగ్రామ్ తెరిచి చూస్తే చాలావాటి పేరు ముందు ఫేక్ అని పడుతుంది. క్రిప్టో కాయిన్ల మైనింగ్‌లో రాత్రీ పగలూ తిరిగిన కార్డులు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఫ్యాన్ వేలితో తిప్పితే గరగరమంటే వదిలేయ్.

ర్యామ్ అయినా కార్డు అయినా పెట్టేటప్పుడు కంగారు పడకు. ప్లగ్ పీకేసి పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో తాకి తర్వాతే పని మొదలుపెట్టు. పాత ర్యామ్ తీసినప్పుడు బంగారు రంగు కాళ్లు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి మొత్తం ఊదేసి పెట్టు. నా సర్వీసులో సగం "డిస్‌ప్లే రావట్లేదు" కేసులు ఆ రబ్బరు ముక్కతోనే బాగయ్యాయి. స్టిక్ గాడి, స్లాట్ గాడి ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కితే చెవులు వాటంతటవే టక్కుమని మూసుకుంటాయి. ఆ శబ్దం రాలేదంటే అది కూర్చోలేదన్నమాటే. కార్డూ అంతే, స్లాట్ చివర చిన్న లాక్ ఉంటుంది. తీసేటప్పుడు దాన్ని నొక్కకుండా లాగితే విరిగిపోతుంది.

కార్డు వేశాక మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకే ఉంచేసి కార్డు పనిచేయడం లేదని ఫోన్ చేసేవాళ్లు వారానికి ఒకరైనా ఉండేవారు. కేబుల్ కార్డుకు మార్చాలి. నీ పాత మానిటర్ వీజీఏది కదా, ఇప్పటి కార్డులకు ఆ పోర్టు ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి, దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకో. లేదంటే ఆ మానిటర్‌ను బోర్డుకే ఉంచి ప్రివ్యూకి వాడుకో. బిల్ట్-ఇన్ గ్రాఫిక్స్ కూడా మేలుకునే ఉంటుంది.

ఇంకొక్కటి. నీ ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా తీసుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే ఈ పెట్టె మీద ఎక్కువ డబ్బు పెట్టొద్దంటున్నాను. పెట్టేది ఏదైనా రేపు కొత్త సిస్టమ్‌లోకి తీసుకెళ్లగలిగేదై ఉండాలి. ఎస్‌ఎస్‌డీ వస్తుంది, కార్డు వస్తుంది. డీడీఆర్4 ర్యామ్ వస్తుందో రాదో కొనే బోర్డును బట్టి ఉంటుంది.

రేపు పొద్దున మంచి వెలుతురులో మూత తీసి నాకు మూడు ఫోటోలు పంపు: ర్యామ్ స్టిక్కర్, పొడుగు స్లాట్ చుట్టూ ఉన్న చోటు, ఎస్‌ఎంపీఎస్ మీది పట్టిక. అక్షరాలు చదవడానికి వీలుగా దగ్గరగా తియ్యి. ర్యామ్ నేనే చూసి కొని బస్సు పార్సిల్‌లో పంపిస్తాను, బావను డబ్బులు పంపొద్దని చెప్పు.

అక్కకు నా నమస్కారాలు.

మీ మామయ్య