వందేళ్లు దాటిన ఆదివాసీ వస్త్రం: రసీదు ఉంటే మనదైపోతుందా?

ప్రశ్న: పన్నెండేళ్లుగా వేర్వేరు దేశాల ఆదివాసీల పాత చేనేత బట్టలు, సంప్రదాయ దుస్తులు సేకరిస్తున్నాను. అరవైకి పైగా ఉన్నాయి. అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. ఈ మధ్య ఒక చిన్న ప్రదర్శనలో కొన్నింటిని ఉంచాను. వాటిలో ఆండీస్ పర్వత ప్రాంతపు శాలువా ఒకటి తమ ఊరి ఉత్సవ వస్త్రమని, తిరిగి ఇవ్వమని అక్కడి ఆదివాసీ సంఘం ఉత్తరం రాసింది. నాకు అమ్మిన డీలర్‌ను అడిగితే "వందేళ్లు దాటిన సరుకుకు ఏ చట్టమూ వర్తించదు, పైగా వాళ్ల ఊరి మనిషే అమ్మాడు" అంటున్నారు. ఈకలు కుట్టిన ఉత్సవ దుస్తు ఒకటి కూడా నా దగ్గర ఉంది. గొడవ ఎందుకని దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీరు చేయకూడనివి చెప్తాను. ఆ శాలువాను అమ్మకండి, ఎవరికీ బహుమతిగా ఇవ్వకండి, వేరే దేశానికి పంపకండి. డీలర్ "వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తాను" అన్నా పంపకండి. ఉత్తరం అందే వరకు మీరు సంగతి తెలియక కొన్నవారు. ఇప్పుడు ఆ వస్త్రం మీద వేరొకరి హక్కు ఉండొచ్చని మీకు తెలుసు. ఇకపై దాన్ని చేతులు మార్చితే, రేపు ఏ కోర్టులోనైనా "నాకు తెలియదు" అనే మాట నిలబడదు.

ఇక డీలర్ చెప్పిన రెండు మాటల సంగతి చూద్దాం. వందేళ్లు దాటితే చట్టం వర్తించదన్నది నిజానికి తలకిందులు. ఈ అపోహ ఎక్కడ పుట్టిందో నేను ఊహించగలను. ప్రపంచమంతా వాడే కస్టమ్స్ వర్గీకరణలో వందేళ్లు దాటిన పాత వస్తువులకు 9706 అనే ప్రత్యేక శీర్షిక ఉంది. చాలా దేశాల్లో దాని కింద సుంకం తక్కువ, కొన్ని చోట్ల అసలే లేదు. అది పన్ను లెక్క మాత్రమే. వస్తువు ఎవరిది అన్న ప్రశ్నతో దానికి సంబంధం లేదు. సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే చట్టాలు చాలావరకు వస్తువు వయసు పెరిగాకే మొదలవుతాయి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునేందుకు 1970లో యునెస్కో చేసిన ఒప్పందంలో తెగల జీవనానికి సంబంధించిన వస్తువుల పేరు స్పష్టంగానే ఉంది. భారతదేశం 1972లో తెచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండం, చేతిపని పురావస్తువు కిందికి వస్తాయి. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. కానీ వాటిని అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషేధం. మీ డీలర్ మినహాయింపుగా చెప్పిన ఆ వందేళ్లే ఈ చట్టంలో నిషేధానికి మొదలు.

"వాళ్ల ఊరి మనిషే అమ్మాడు" అన్న రెండో మాట దగ్గర కాస్త ఆగాలి, మీ కేసంతా దాని మీదే ఉంది. బొలీవియాలోని పొటొసి ప్రాంతంలో కొరోమా అనే ఊరు ఉంది, అది ఐమారా ఆదివాసీలది. అక్కడ పూర్వీకుల నేత దుస్తులను మూటలుగా కట్టి తరతరాలుగా కాపాడుకుంటున్నారు. ఒక్కో మూట ఒక్కో వంశ సమూహానిది. ఆ దుస్తుల్లో పెద్దల ఆత్మలు ఉంటాయని వాళ్ల నమ్మకం. మూటను చూసుకునే బాధ్యత కొందరికి అప్పగిస్తారు. నవంబర్ మొదట్లో పెద్దల పండుగకు వాటిని బయటికి తీస్తారు. 1970ల చివరి నుంచి విదేశీ డీలర్లు అక్కడికి వెళ్లి, సంరక్షకుల్లో కొందరిని డబ్బుతో లొంగదీసుకుని దుస్తులు తీసుకుపోయారు. 1988లో వాటిలో కొన్ని అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో అమ్మకానికి వచ్చాయని ఊరికి తెలిసింది. అప్పుడు ఊరివాళ్ల వాదన ఒక్కటే: సంరక్షకుడు యజమాని కాదు, ఆ బట్టలు మొత్తం ఊరివి, కాబట్టి అతనికి అమ్మే హక్కే లేదు. 1989లో అమెరికా ప్రభుత్వం కొరోమా పురాతన ఉత్సవ వస్త్రాల దిగుమతిని అత్యవసరంగా నిషేధించింది. 1992లో 49 వస్త్రాలు కొరోమా ప్రజలకు తిరిగి అందాయి.

తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరన్నది చాలా దేశాల్లో పాతకాలం నుంచీ ఉన్న సూత్రం. గుడి పూజారి దేవుడి నగ అమ్మితే కొన్నవారికి హక్కు వస్తుందా? ఇదీ అంతే. అమెరికాలో దీన్ని 1990 నాటి చట్టంలోనే రాసుకున్నారు. తెగ మొత్తానికీ చెందిన వారసత్వ వస్తువును ఏ ఒక్క సభ్యుడూ అమ్మలేడని, అలాంటి దానితో వ్యాపారం చేస్తే నేరమని అది చెప్తుంది. నవాహో తెగలో క్రతువులు చేసే ఒక పెద్దాయన చనిపోయాక, ఆయన భార్య దగ్గర ఒక వ్యక్తి పూజా ముసుగులు కొన్నాడు. మారుబేరానికి ప్రయత్నించి పట్టుబడ్డాడు. 1997లో అప్పీలు కోర్టు అతని శిక్షను ఖాయం చేసింది. అతను దొంగతనం చేయలేదు, కుటుంబానికి డబ్బు కూడా ఇచ్చాడు. అయినా తప్పించుకోలేకపోయాడు. అందుకే మీ రసీదు మీరు డబ్బు కట్టారని మాత్రమే రుజువు చేస్తుందని నేను అంటాను.

అలాగని మీ అరవై వస్త్రాలనూ అనుమానంగా చూడనక్కర్లేదు. నేసిన స్త్రీ తన సొంత చేతిపనిని అమ్మడం ప్రపంచమంతా ఉంది, అది ఆమె హక్కు. నవాహో నేతగాళ్లు 19వ శతాబ్దంలోనే దుప్పట్లను ఇతర తెగలకు, వర్తకులకు అమ్మేవారు. రోజూ కట్టుకునే బట్ట, అమ్మకం కోసమే నేసిన బట్ట, ఉత్సవానికే తీసే బట్ట, సమాధిలోంచి తవ్విన బట్ట అన్నీ ఒకటి కావు. తవ్వకాల్లో దొరికినవి మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనకండి. పెరూ 1929లోనే పురావస్తు సంపదను దేశానికి చెందినదిగా ప్రకటించింది. అంటే అలాంటివి అమ్మే మనిషి ఎవరైనా, అతని దగ్గర హక్కు ఉండే అవకాశం దాదాపు లేనట్టే.

మీ శాలువా విషయంలో హక్కు ఎవరిదో తేలడానికి అది ఎక్కడెక్కడ చేతులు మారిందో తెలియాలి. సాధారణంగా అమ్మకం జరిగిన దేశం చట్టాన్నే కోర్టులు చూస్తాయి. ఇంగ్లండ్, అమెరికా పద్ధతిలో దొంగ సొత్తు కొన్నవారికి మామూలుగా హక్కు రాదు. ఇటలీ లాంటి దేశాల్లో సదుద్దేశంతో, తగిన పత్రాలతో కొన్నవారికి చాలావరకు రక్షణ ఉంటుంది. వస్తువు తిరిగి ఇవ్వమని దావా వేసే గడువు కూడా ఒక్కో చోట ఒక్కో రకం. దొంగిలించిన సాంస్కృతిక వస్తువులను తిరిగి ఇప్పించేందుకు చేసిన 1995 నాటి యూనిద్రువా ఒప్పందంలో చేరిన దేశాల్లో ఆదివాసీ సమాజాల పవిత్ర వస్తువులకు మామూలు కంటే ఎక్కువ గడువు ఉంటుంది. అదే ఒప్పందం, కొనే ముందు తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకున్నవారికి న్యాయమైన పరిహారం ఇవ్వాలనీ చెప్తుంది. మీరు అప్పట్లో డీలర్‌ను ఏమేం అడిగారో, ఆయన ఏం రాశారో చూపే ఈమెయిళ్లు ఉంటే ఇప్పుడు బంగారమే. డిలీట్ చేయకండి.

ఈకల దుస్తును అమ్మే ఆలోచన మానుకోండి. అమెరికాలో పాత ఆదివాసీ కళాఖండాలు అమ్మేవాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ వస్తువుల్లోని గద్ద ఈకలు పక్షుల రక్షణ చట్టాలు రాకముందువని, కాబట్టి అమ్ముకోనివ్వాలని కోరారు. 1979లో కోర్టు ఒప్పుకోలేదు. ఉంచుకోవచ్చు, అమ్మకూడదు అంది. అంటే దుస్తు మీద మీ హక్కులో వివాదం లేకపోయినా, ఈక వల్ల అమ్మకం నేరం కావచ్చు. 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ ఒప్పందం ప్రకారం రక్షిత జీవుల భాగాలు సరిహద్దు దాటాలంటే అనుమతి పత్రం కావాలి. ఒప్పందానికి ముందువైతే ఆ సంగతి ధ్రువీకరించే పత్రం కావాలి. భారతదేశంలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది. కాబట్టి అవి ఏ పక్షి ఈకలో ముందు ఒక నిపుణుడికి చూపించి రాతపూర్వకంగా తెలుసుకోండి. బొచ్చు, దంతం, గవ్వలు ఉన్న మిగతా దుస్తులకూ ఇదే జాగ్రత్త.

ఇక ఉత్తరం సంగతి. చాలామంది భయపడి మౌనంగా ఉంటారు, లేదా కోపంగా లాయర్ నోటీసు పంపిస్తారు. రెండూ వద్దు. ఉత్తరం అందిందని, వస్త్రం భద్రంగా ఉందని, విషయం తేలేదాకా అమ్మనని మర్యాదగా రాయండి. హక్కు వాళ్లదని గానీ మీదని గానీ అందులో రాయకండి. ఆ సంఘానికి ఊరి తరఫున మాట్లాడే అధికారం ఎలా వచ్చిందో, పాత ఫోటోలు, వర్ణనలు ఏమైనా ఉన్నాయో అడగండి. వాళ్ల పెద్దలు స్వయంగా చూసి గుర్తుపడతామంటే ఒప్పుకోండి. ఏ ఇంటి చేయి ఏ అంచు నేసిందో, ఎక్కడ అతుకు వేశారో వాళ్లకు తెలిసినంతగా ఏ వేలం సంస్థకూ తెలియదు.

ఈలోగా శాలువాను ఉతకకండి, చిరుగు కుట్టించకండి, పాత దారపు ముడి గానీ చీటీ గానీ తీయకండి. అవన్నీ సాక్ష్యాలు. రెండు వైపులా దగ్గర నుంచి ఫోటోలు తీసి, కొలతలు, తేదీ రాసి పెట్టుకోండి. డీలర్‌కు విడిగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, తను ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో, ఎగుమతి అనుమతి ఉందో లేదో అడగండి. హక్కు లేని వస్తువు అమ్మినట్టు తేలితే మీ డబ్బు ఆయన నుంచి రాబట్టుకునే దారి చాలా దేశాల్లో ఉంది. కానీ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

వస్త్రం వాళ్లదేనని తేలితే తిరిగి ఇవ్వమనే నా సలహా. చట్టం కోసం మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. మీకు గోడ మీద అందంగా కనిపించే బట్ట అక్కడ వాళ్ల తాతమ్మ. అయితే ఊరికే పార్సిల్ చేసి పంపొద్దు. రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ప్యాకింగ్, రవాణా ఖర్చు ఎవరిది, ఇరువైపులా ఇకపై దావాలు ఉండవన్న మాట అందులో ఉండాలి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం పెరూకు చెందిన 89 ప్రాచీన పరాకాస్ సంస్కృతి వస్త్రాలను దశలవారీగా తిరిగి ఇచ్చేందుకు 2014లో ఒప్పందం చేసుకుంది, మొదట నాలుగు పంపింది. అంత పాత బట్టలు ప్రయాణంలో చిన్న కుదుపుకే పాడవుతాయి. మీ శాలువాను కూడా వస్త్ర సంరక్షణ తెలిసినవారి చేతే కట్టించండి. ఎగుమతి, దిగుమతి పత్రాలకు రెండు దేశాల అధికారులతో ముందే మాట్లాడండి. ఇక్కడి నుంచి పంపే ముందు ఒప్పందం ముసాయిదాను మీ స్థానిక న్యాయవాదికి ఒకసారి చూపించండి.